దగ్గు రాని మిరప పొగ

నేను దయ్యాల్ని నమ్మను. ఇప్పుడే కాదు, చిన్నప్పుడు కూడా నమ్మలేదు. ముందే ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివాక "పాపం, పంతులమ్మకి వయసు మీద పడి మతి చలించింది" అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. నా మతి శుభ్రంగానే ఉంది. కోపం మాత్రం ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

మా నాన్న ఉపదేశి. పాస్టరుగారు నెలకోసారి మా ఊరి చర్చికి వచ్చి ప్రభు భోజనపు సంస్కారం ఇచ్చి వెళితే, మిగిలిన ఆదివారాలన్నీ వాక్యం చెప్పేది నాన్నే. వారమంతా పత్తి చేలల్లో కూలి చేసి, ఆదివారం పొద్దున్నే ఉతికిన పంచె కట్టుకుని చర్చి గంట కొట్టేవాడు. సైతాను లేడని ఆయన ఎప్పుడూ అనలేదు. ఉన్నాడనే చెప్పేవాడు. కానీ వాడు చెట్ల మీద కూర్చుంటాడనీ, ఆడవాళ్ళ ఒంట్లో దూరతాడనీ ఎవరైనా అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

"అపవాది అంటేనే నింద వేసేవాడమ్మా. కష్టంలో ఉన్న మనిషి దగ్గరికెళ్ళి, ఇదంతా నీ పాపం వల్లే వచ్చిందని ఎవడన్నా అన్నాడనుకో, ఆ నోట్లోంచి మాట్లాడేది వాడే" అనేవాడు నాన్న. సైతానుతో చేసే ఆత్మీయ పోరాటం గురించి నాకు తెలిసిందల్లా ఆ ఒక్క ముక్కే. అంతకంటే మంచి ముక్క నేను ఇంతవరకూ ఎక్కడా వినలేదు.

ఇది జరిగింది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో. మాది గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో కాస్త లోపలికి ఉన్న ఊరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప, కొద్దిగా పొగాకు. అప్పటికే నాన్న పోయాడు. నేను ఊళ్ళోనే ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ నా దగ్గరే ఉండేది. మా చెల్లెలు కరుణని ఆ ఊళ్ళోనే దావీదుకి ఇచ్చాం. అతను ట్రాక్టరు డ్రైవరు. మంచివాడే గానీ వాళ్ళమ్మ మార్తమ్మ గీసిన గీత దాటే ధైర్యం లేదు.

కూతురు చిన్ని పుట్టాక కరుణకి ఫిట్స్ మొదలయ్యాయి. మొదటిసారి మిరప కల్లంలో వచ్చింది. ఎండిన కాయల రాశి చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని, రంగు పోయిన తాలు కాయలు ఏరుతుంటారు. కరుణ కూడా ఏరుతూ ఏరుతూ పక్కకి ఒరిగిపోయింది. నోట్లోంచి నురగ వచ్చింది. నేను వెంటనే గుంటూరు తీసుకెళ్ళాను. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, ఇది మెదడుకి సంబంధించిన జబ్బనీ, మాత్రలు ఒక్క పూట కూడా మానకుండా వాడితే అందరిలాగే బతకొచ్చనీ, మానితే ప్రాణం మీదికి వస్తుందనీ విడమర్చి చెప్పాడు. కరుణ వాడింది. ఫిట్స్ ఆగాయి. చిన్నికి అన్నం తినిపించుకుంటూ, పనికి వెళ్ళొస్తూ బాగానే ఉంది.

అప్పుడే మా ఊరికి ఒకాయన దిగాడు. ఆయన పేరు రాయడం నాకిష్టం లేదు. అందరూ దైవజనుడు అనేవాళ్ళు, నేను ఆయనగారు అంటాను. మా పేట చివర రేకుల షెడ్డు వేసి, మైకు పెట్టి, ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన, దయ్యాలు వదిలించే విడుదల కూటం మొదలుపెట్టాడు. తలనొప్పికి ఒక దయ్యం, తాగుడికి ఒక దయ్యం. మిరప తోటకి బొబ్బర తెగులొస్తే దానికీ ఒక దయ్యం. మన చుట్టూ కనబడని యుద్ధం జరుగుతోందనీ, తాను ఆ యుద్ధంలో సేనాధిపతిననీ అరిచేవాడు. నాన్న బతికున్నప్పుడు నాన్న మాటకి తలలూపిన వాళ్ళే వెళ్ళి ఆ షెడ్డులో చేతులెత్తి ఊగారు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒక శుక్రవారం మార్తమ్మ కోడల్ని అక్కడికి తీసుకెళ్ళింది. ఆయనగారు కరుణ తల మీద చెయ్యి పెట్టి, ఈమెలో మూర్ఛ దయ్యం కాపురం ఉందన్నాడు. ఏదో దాచిన పాపం వల్లే అది వచ్చిందన్నాడు. మాత్రలు మింగినంత కాలం అది పోదన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. పిల్లని ఈమెకి దూరంగా ఉంచండి, లేకపోతే పిల్ల మీదికి దూకుతుంది అన్నాడు.

ఆ సాయంత్రమే మార్తమ్మ చిన్నిని తన దగ్గర ఉంచుకుని, కరుణని మా ఇంటికి పంపేసింది. నేను వెళ్ళి అడిగాను.

"ఏమ్మా సుశీలా, దయ్యం పట్టినదాని చేతికి పసిదాన్ని ఇమ్మంటావా? నీకైతే పిల్లల్లేరు, నీకేం తెలుసు" అంది మార్తమ్మ. దావీదు గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు.

చిన్నికి అప్పుడప్పుడే మాటలు వస్తున్నాయి. కరుణ రోజూ సాయంత్రం ఆ ఇంటి ముందు నుంచి నడిచేది. పిల్ల వాకిట్లోంచి "అమ్మా" అని పరిగెత్తుకొస్తే మార్తమ్మ వచ్చి లోపలికి ఎత్తుకుపోయేది. తలుపు వెనక పిల్ల ఏడుపు వింటూ నా చెల్లెలు వీధిలో నిలబడేది. ఇంత అన్యాయం చేసింది ఏ దయ్యమో చెప్పండి. నేను రోజూ పొద్దున్నే కరుణ ఎదురుగా నిలబడి మాత్ర మింగించేదాన్ని. మింగేది. కానీ మనిషి చిక్కి సగమైపోయింది.

చివరికి నాకు చెప్పకుండా మళ్ళీ ఆయనగారి కాళ్ళ మీదే పడింది. ఆయన ఆత్మల పరీక్ష చేస్తానన్నాడట. అదేమిటంటే, మూసిన గదిలో నిప్పుల మీద మిరపకాయలు పోస్తాడు. దగ్గితే లోపల దయ్యం ఉన్నట్టు. దగ్గకపోతే పోయినట్టు.

ఇది విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా వైపు దిష్టి తీసేవాళ్ళు ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తారు. ఘాటు రాకపోతే బాగా దిష్టి తగిలిందంటారు. నాన్న కాలం నుంచీ మా క్రైస్తవుల ఇళ్ళల్లో అది మానేశాం. ఎవరైనా చాటుగా చేస్తే ఆయనగారే మైకులో విగ్రహారాధన అని తిట్టిపోసేవాడు. అవే మిరపకాయలు ఆయన చేత్తో పోస్తే మాత్రం ఆత్మల పరీక్ష! పైగా మా గుంటూరు మిరపకాయ నిప్పుల మీద పడితే దగ్గని మనిషి ఎవరు? ఆయనగారు ఓడిపోయే అవకాశమే లేని పందెం అది.

"వద్దే కరుణా. వాడు నిన్ను పిచ్చిదాన్ని చేస్తున్నాడు" అన్నాను.

"దగ్గకుండా కూర్చుంటే చిన్నిని ఇచ్చేస్తానంది అక్కా మా అత్త. నేను ఊపిరి బిగబట్టుకుంటాను. నువ్వు పక్కనుండు చాలు" అంది.

వెళ్ళాను. మొదటి దగ్గు రాగానే చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి, సాయంత్రం బస్సుకే గుంటూరు తీసుకుపోయి, ఎవరైనా తెలిసినవాళ్ళింట్లో పెట్టాలని నిశ్చయించుకునే వెళ్ళాను. పిల్ల సంగతి పోలీస్ స్టేషన్లోనే తేల్చుకుందామనుకున్నాను.

శుక్రవారం కూటం అయిపోయాక, ఇంకా ఎండగానే ఉంది. షెడ్డు వెనక చిన్న గది. ఒక తలుపు, ఒక కిటికీ, రెండూ మూసేశారు. పైకప్పు సందుల్లోంచి కాస్త వెలుతురు పడుతోంది. లోపల ఆయనగారు, కరుణ, మార్తమ్మ, అమ్మ, నేను. అమ్మకి ఆయాసం. ఇంట్లో తాలింపు వేసినా వాకిట్లోకి వెళ్ళి కూర్చునే మనిషి. నువ్వు బయటుండమ్మా అంటే, కూతుర్ని వదిలి కదలనంది.

మార్తమ్మ కొంగులో కాయలు తెచ్చింది. ఆ ఏడాది పంట, మా పేటవాళ్ళు పనిచేసే కల్లంలోవే. నేను చూశాను. తాలు కాదు, ముక్కిపోయినవి కాదు. ఎర్రగా, గలగలమంటున్న మంచి కాయలు. ఆయనగారు నిప్పుల కుంపటి తెచ్చి కరుణ ముందు పెట్టాడు. తర్వాత తువ్వాలు బకెట్లో ముంచి, పిండి, ముక్కూ మూతీ కప్పి గట్టిగా కట్టుకున్నాడు.

"మరి మీకు తడి తువ్వాలెందుకండీ?" అన్నాను.

"ఇది అభిషేకించిన తువ్వాలమ్మా. అవిశ్వాసపు మాటలు మాట్లాడకు. స్తుతి చెయ్యి" అన్నాడు.

ఒక గుప్పెడు కాయలు నిప్పుల మీద పోశాడు. చిటపటమన్నాయి. పొగ లేచింది. తెల్లగా, మందంగా లేచి గదంతా కమ్మేసింది. ఎదురుగా ఉన్న అమ్మ మొహం సరిగ్గా కనబడలేదు. నేను ఊపిరి బిగబట్టి కరుణ చెయ్యి పట్టుకున్నాను. ఎంతసేపు బిగబడతాం? ఆగలేక పీల్చేశాను.

ఏమీ లేదు.

అన్నం గిన్నె మూత తీస్తే వచ్చే ఆవిరిలా మొహానికి వెచ్చగా తగిలింది, అంతే. ఘాటు లేదు. కళ్ళు మండలేదు. ముక్కులో చురుక్కుమనలేదు. ఇంకా గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. అమ్మ వైపు చూశాను. అమ్మ పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేసుకుంటోంది. ఆయాసం లేదు, పిల్లికూతలు లేవు. మార్తమ్మ నోరు తెరిచి చూస్తోంది. కరుణ కళ్ళు పెద్దవి చేసి కుంపటిలోకే చూస్తోంది. ఆ కళ్ళల్లో చుక్క నీరు లేదు.

ఆయనగారు ఇంకో గుప్పెడు పోశాడు. కాయలు నల్లగా మాడుతున్నాయి. సరిగ్గా అప్పుడే బయట కేకలు మొదలయ్యాయి. "ఎవరే ఆ మిరగాయలు మాడ్చేది? పిల్లోళ్ళు చస్తన్నారే!" అని ఎదురింటావిడ అరుస్తోంది. దగ్గులు, తుమ్ములు వినబడుతున్నాయి. షెడ్డు పక్కన కట్టేసిన గేదె పలుపు తెంపుకుని పరిగెత్తిందని తర్వాత తెలిసింది. అంటే పైకప్పు సందుల్లోంచి బయటికి పోయిన పొగ ఘాటుగానే ఉంది. గదిలో ఉన్న మాకే ఏమీ కాలేదు.

మాకు అంటే మా నలుగురు ఆడవాళ్ళకి. ఆయనగారు దగ్గాడు. ముందు ఒక్కసారి, తువ్వాల్లోంచి. తర్వాత ఆగలేదు. కరుణ తల మీద పెట్టిన చెయ్యి తీసేసి, కడుపు పట్టుకుని వంగిపోయాడు. తువ్వాలు లాగేసుకున్నాడు, ఇంకా ఎక్కువైంది. తలుపు తోసుకుని బయటికి పరిగెత్తి బోరింగు దగ్గర బోర్లా పడ్డాడు. కళ్ళూ ముక్కూ కారుతూ, కక్కుకుంటూ, గాలి కోసం కొట్టుకుంటున్నాడు. పేటంతా చూశారు. ఆయన కరుణ పక్కనే, ఆ కుంపటి దగ్గరే నిలబడ్డాడు. మాకూ ఆయనకీ మధ్య గోడ లేదు, తెర లేదు.

ఆ క్షణంలో నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. నీ పరీక్ష నీకే తగిలిందిరా, ఇప్పుడు చెప్పు దయ్యం ఎవరిలో ఉందో అనుకున్నాను. ఊరంతా కూడా అదే అడుగుతుందనుకున్నాను.

ఆదివారం మైకు మోగింది. ఆయనగారు గొంతు బొంగురుపోయి మాట్లాడాడు. ఆ సహోదరిలో ఉన్న దయ్యం బయటికొచ్చి తన మీద పడిందట. బోరింగు దగ్గర దానితో కుస్తీ పట్టి ప్రభువు నామంలో జయించాడట. షెడ్డు హల్లెలూయాలతో దద్దరిల్లింది. ఆ తర్వాతి శుక్రవారం షెడ్డు చాలక బయట టెంటు వేశారు. చూశారా, దగ్గినా ఆయనే గెలిచాడు.

మార్తమ్మ స్వయంగా చిన్నిని ఎత్తుకొచ్చి కరుణ ఒళ్ళో పెట్టింది. నా చెల్లెలు నవ్వడం నేను ఎన్నాళ్ళకో చూశాను. అది నవ్వుతుంటే అడ్డుపడటానికి నాకు నోరు రాలేదు. కానీ మర్నాడు పొద్దున మాత్ర తీసుకుని వాళ్ళింటికి వెళితే, వద్దంది.

"ఇది మింగితే దయ్యం ఇంకా ఉందని ఒప్పుకున్నట్టే కదక్కా. అత్త చూస్తే చిన్నిని మళ్ళీ లాక్కుంటుంది."

"దయ్యం లేదు, గియ్యం లేదు. అది జబ్బు. డాక్టరు చెప్పింది మర్చిపోయావా?" అని అరిచాను.

"సరే. నువ్వూ ఆ గదిలోనే ఉన్నావుగా. అమ్మ కూడా ఉంది. ఒట్టేసి చెప్పు, మీకెవరికన్నా దగ్గొచ్చిందా? ఎందుకు రాలేదో చెప్పు, మింగుతాను."

 ఏదో ఒక అబద్ధం చెబుదామన్నా, నా ముక్కు, నా గొంతు దాని తరఫునే సాక్ష్యం చెబుతున్నాయి.

ఆ కాయల్లో ఏదో లోపం ఉందేమోనని చూశాను. మార్తమ్మ కొంగులోంచి గదిలో జారిపడిన కాయలు ఏరి తెచ్చుకున్నాను. మా వంటింట్లో పొయ్యి మీద ఒకే ఒక్క కాయ వేశాను. నేను దగ్గుకుంటూ వాకిట్లోకి పరిగెత్తాను. ఇంట్లో మూల పడుకున్న అమ్మకి ఆయాసం వచ్చి, ఆర్ఎంపీ డాక్టర్ని పిలిచి ఇంజెక్షను చేయించాల్సి వచ్చింది. అదే అమ్మ, అవే కాయలు.

అయినా నేను పోరు మానలేదు. మాత్రల్ని పొడి చేసి మజ్జిగలో కలిపి ఇచ్చాను, కనిపెట్టి పారబోసింది. దావీదుని నిలదీస్తే, "బాగానే ఉంది కదా వదినా" అన్నాడు. నిజమే, కొన్నాళ్ళు బాగానే ఉంది. ఆయనగారు కరుణని ఊరూరా తిప్పి సాక్ష్యం చెప్పించాడు.

వానలు పడి సాగర్ కాలవకి నీళ్ళు వదిలారు. కరుణ చిన్నిని చంకనేసుకుని బట్టలు ఉతకడానికి మా ఊరి పిల్ల కాలవకి వెళ్ళింది. అటుగా పొలం వెళుతున్నవాళ్ళు గట్టు మీద పిల్ల ఒక్కతే ఆడుకోవడం చూసి దిగి చూశారు. మోకాళ్ళ లోతు నీళ్ళు. అందులో బోర్లా పడి ఉంది నా చెల్లెలు. ఫిట్స్ వచ్చి పడిపోతే లేపేవాళ్ళు లేరు.

సమాధి దగ్గరికి ఆయనగారు కూడా వచ్చాడు. మట్టి వేస్తుండగా ముందుకొచ్చి మొదలుపెట్టాడు. ప్రభువు ఈమెకి విడుదల ఇచ్చాడు గానీ ఈమె కాపాడుకోలేకపోయింది, రహస్యంగా మాత్రలు మింగి ఉంటుంది, అందుకే వెళ్ళిన దయ్యం తిరిగొచ్చింది అన్నాడు. పెట్టెలో పడుకున్న మనిషి మీద నింద వేశాడు.

నేను పంతులమ్మని. ఊళ్ళో పెద్దవాళ్ళెవరినీ మొహం మీద ఏకవచనంతో పిలిచి ఎరగను.

"ఒరేయ్! అది మాత్రలు మింగుంటే బతికుండేదిరా! పో బయటికి!" అని మట్టి చేతులతోనే మీదికి వెళ్ళాను. పాస్టరుగారూ దావీదూ పట్టుకోకపోతే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. ఆ రోజు దావీదు మొదటిసారి తల్లి ఎదుట తలెత్తి, "మా వదిన చెప్పింది విన్లేదా? వెళ్ళండి" అన్నాడు. ఆయనగారు వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఊరు కూడా మారాడు. ఇంకెక్కడో షెడ్డు వేసే ఉంటాడు.

నాన్న చెప్పిన అపవాదిని నేను ఆ సమాధి దగ్గర కళ్ళారా చూశాను. అందులో నాకేమీ అనుమానం లేదు. దానికి దయ్యాల్ని నమ్మాల్సిన పని కూడా లేదు. నాకు అర్థం కానిది ఆ గది ఒక్కటే.

హైస్కూలు సైన్సు మాస్టారు ఒకాయన, గాలి ఒకవైపే వీచి ఉంటుందన్నారు. ఆయనగారు నిలబడింది కరుణ పక్కనే అని చెబితే, మరి తెలియదమ్మా అన్నారు. మిరప కల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి అలవాటైపోయి ఉంటుందని ఒకరన్నారు. మరి నా వంటింట్లో ఆ అలవాటు ఏమైంది? దేవుడే మీ నలుగుర్నీ కాపాడాడమ్మా, అది అద్భుతం అని పాస్టరుగారన్నారు. ఆయన మంచి మనిషి. అయినా ఆయన మీద కూడా విరుచుకుపడ్డాను. పొగని ఆపినవాడికి మోకాళ్ళ లోతు నీళ్ళు ఆపడం చేతకాలేదా? దేవుడు కాకపోతే మరి నా చెల్లెల్ని నమ్మించి, మాత్రలు మాన్పించి, కాలవ దాకా నడిపించడానికి ఇంకెవరైనా ఆ పొగని ఆపారా? ఆ మాట అనుకోగానే నాకు నా మీదే అసహ్యం వేస్తుంది, ఎందుకంటే అలా అనుకుంటే నేనూ ఆయనగారిలాగే మాట్లాడుతున్నట్టు.

చిన్ని నా దగ్గరే పెరిగింది. వాళ్ళమ్మకి ఫిట్స్ ఉండేవనీ, మాత్రలు మానేయడం వల్ల పోయిందనీ దానికి తెలుసు. ఆ గది సంగతి ఇంతవరకూ చెప్పలేదు. ఏమని చెప్పాలి?

ఆ రోజు నాకు దగ్గు రావాలి. అమ్మకి రావాలి, కరుణకి రావాలి. మనుషులందరికీ వచ్చే మామూలు దగ్గు. వచ్చి ఉంటే దాన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేదాన్ని, నా చెల్లెలు బతికి ఉండేది. అది ఎందుకు రాలేదో నాకు ఈ రోజుకీ తెలియదు.